ఇంట్లో సేవ నేర్చుకోవడానికి ఏది మేలు: మండల మీటింగా, వాట్సాప్ గ్రూపా, ఒకరింట్లో కూడికా?

మంచం పట్టిన మనిషిని చూసుకునే కుటుంబాలు ఒకరి దగ్గర ఒకరు పని నేర్చుకోవడానికి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఈ మూడు దారులున్నాయి. మా లెక్కలో మూడోదే మేలు. వాడలో ఐదారు కుటుంబాలు పదిహేను రోజులకోసారి, ఇల్లు కదల్లేని మనిషి దగ్గరే కూడుకోవాలి.

మండల మీటింగ్ కాగితాల పనికి బాగుంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సదరం (వైకల్యం సర్టిఫికెట్), యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు), పింఛన్ సంగతి తెలిసినవాళ్లు అక్కడ ఒక్కచోట దొరుకుతారు. కానీ చూసుకునే మనిషి బస్సెక్కితే ఇంట్లో మనిషిని పక్కకు తిప్పేదెవరు? అవసరం ఎక్కువున్న ఇల్లే ఆ మీటింగ్‌కు రాలేకపోతుంది.

వాట్సాప్‌లో ముంబైకి వలస పోయిన కొడుకూ ఉంటాడు, చదువురాని తల్లికి వాయిస్ మెసేజ్ చాలు. తేదీలు, కబుర్లు అందులో పెట్టుకోండి. ఆధార్ ఫొటోలు, మనిషి ఒప్పుకోని పుండు ఫొటోలు మాత్రం వద్దు. అసలు పడకపుండు (ఒకే తీరు పడుకుంటే ఒత్తిడికి అయ్యే పుండు) మొదలయ్యేది ఫొటోలో చాలాసార్లు కనబడదు కూడా. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు రావాలి. తెల్లబడకపోతే పడకపుండు మొదలైనట్టే. నల్లని, చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా తెలియదు. పక్క చర్మం కన్నా వేడిగా ఉందా, గట్టిబడిందా అని చేతి వెనకవైపుతో తాకి చూడాలి. ఈ విద్య పక్కన కూర్చున్న చెయ్యే నేర్పుతుంది.

రెండు గంటలకోసారి మనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. ఎర్రబడ్డ చోట నూనె రాసి మర్దన చేయొద్దు, లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది. చుట్టకుదురు వేసి కూర్చోబెట్టడమూ తప్పే, అంచు నొక్కుకుని చుట్టూ రక్తం ఆగుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు) వెన్ను బిగుసుకున్నవాళ్లను ఇద్దరు కలిసి, భుజం, తుంటి రెండూ ఒకేసారి కదిలేలా దొర్లించాలి. చెయ్యి పట్టి లాగితే ముప్పు: ఆ ఎముక గట్టిగా కనబడినా పెళుసు.

కూడిక గంటన్నర చాలు, ఒక్క పనే పెట్టుకోండి. ఏ పని నేర్చుకోవాలో మంచంలో ఉన్న మనిషే చెప్పాలి, తన ఒంటి సంగతి తనకే ఎక్కువ తెలుసు. ఒకరు చూపితే మిగతావాళ్లు స్వయంగా చేయాలి, ప్రతిసారీ "నొప్పయిందా?" అని ఆ మనిషినే అడగాలి. చేసిందీ, ఏమైందీ ఒక నోట్‌బుక్‌లో రాసి, వచ్చేసారి దాంతోనే మొదలుపెట్టాలి. నాట్లు, పత్తి ఏరే రోజుల్లో పొద్దుగూకినాక పెట్టుకోకపోతే కూడిక ఆగిపోతుంది.

దీనికీ ఒక లోపముంది. ఒకరు తప్పు నేర్పితే ఆరిళ్లకూ అదే తప్పు పాకుతుంది. అందుకే మూడు నెలలకోసారైనా ఫిజియోథెరపిస్టునో, పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) నర్సునో పిలిచి, చేసే తీరు సరిగా ఉందో లేదో చూపించుకోవాలి. చర్మం చిట్లినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా కూడిక దాకా ఆగకుండా ఆ రోజే దవాఖానకు తీసుకుపోవాలి.