గోడవారనా, గది మధ్యలోనా: కెమిస్ట్రీ ల్యాబులో బల్లలు ఎక్కడ వేయాలి?

టెక్కలి, రాజాం, శ్రీకాకుళం వైపు జూనియర్ కాలేజీల వాళ్లు కొత్త ల్యాబు వేసుకుంటూ నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఇదే.

పాఠం చెప్పేవాడిగా నాకు గది మధ్యలో బల్లలే ఇష్టం. పిల్లలు ఎదురెదురుగా నిలబడతారు. ఎవరి బ్యూరెట్టు కారుతోందో, ఎవరు ఆమ్లాన్ని పిపెట్టుతో నోట్లోకి లాగేస్తున్నారో ఒక్క చూపులో తెలుస్తుంది. గోడవారన వేస్తే మనకు కనబడేవి వీపులే. కాకపోతే కిటికీ కింద వెలుతురు బాగుంటుంది, పర్మాంగనేట్ టైట్రేషన్లో, అంటే చుక్కచుక్కగా కలిపి కొలిచే ప్రయోగంలో, ఇక ఆపమని చెప్పే ఆ లేత గులాబి రంగు ఇట్టే దొరుకుతుంది.

అయినా తేల్చేది ఇవేవీ కావు. సింకు నీళ్లు ఎటు పోతాయన్నదే అసలు సంగతి. మేస్త్రీ పని మొదలెట్టేదాకా ఆ మాటే ఎవరికీ గుర్తు రాదు! మధ్యలో సింకంటే పైపు నేల కిందుగా పోవాలి. కింది అంతస్తయితే తవ్వి వేస్తారు. మేడమీదైతే శ్లాబుకు చిల్లు పెట్టాలి, ఆ పైపు కింది క్లాసు పిల్లల నెత్తిన వేలాడుతుంది. ఫిల్టర్ కాగితాలు, అగ్గిపుల్లలు పడి పూడుకుపోయిందా, సరిగ్గా ప్రాక్టికల్స్ ముందు నేల పగలగొట్టాలి. గోడవారన సింకైతే ప్లంబరు బయటినుంచే విప్పి కడిగేస్తాడు.

అందుకే నేను మూడో దారి చెబుతాను: ఒక చివర గోడకు ఆని, గదిలోకి చొచ్చుకొచ్చే బల్లలు. సింకు గోడ చివరనే ఉంటుంది, పిల్లలు రెండువైపులా నిలబడతారు. గోడవైపు దారి మూసుకుపోతుంది కాబట్టి తలుపు మాత్రం అవతలి పక్క ఉండాలి. రెండు బల్లల మధ్య అయిదడుగులు వదలండి. వీపుకు వీపుగా ఇద్దరు నిలబడ్డాక మధ్యనుంచి ఒకడు గాజుసామాను పట్టుకుని పోవాలి కదా. ఇంకో బల్ల పడుతుందని కరస్పాండెంటు గారు నాలుగడుగులకు బేరమాడతారు, ఒప్పుకోకండి.

సింకున్న బల్ల కదలదు కాబట్టి చక్రాల బల్లలు ఫిజిక్స్ వాళ్లకు వదిలేయండి.

ఏ బల్లైనా, మన ఉక్కపోతకు సీలింగ్ ఫ్యాను వేస్తే బర్నరు మంట నిలవదు. గోడకు పైన పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించండి. చవగ్గా వస్తుందని బల్లల మీద కడప రాయి మాత్రం పరవొద్దు. అది సున్నపురాయి జాతి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క పడితే చాలు, నురగొచ్చి గరుకుగా తినేస్తుంది. టెక్కలి చుట్టూ గ్రానైట్ క్వారీలే కదా, అక్కడే బేరం చేసుకోండి.