ర్యామ్ పెంచాలా, ఎస్‌ఎస్‌డీ వేయాలా?

విండోస్ కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే ముందు ఏ భాగం మీద ఎంత భారం పడుతోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. మెమరీ ఎప్పుడూ 90 శాతం దాటి ఉంటే లోటు ర్యామ్‌ది, అంటే తెరిచిన పనుల డేటాను తాత్కాలికంగా ఉంచే మెమరీది. డిస్క్ 100 దగ్గరే తచ్చాడుతుంటే అనుమానం హార్డ్ డిస్కు మీదే. అయితే ర్యామ్ చాలక డేటా డిస్కు మీదికి పొర్లినా అదే అంకె కనిపిస్తుంది, తొందరపడకండి.

హార్డ్ డిస్కులో పళ్లెం తిరగాలి, చదివే ముల్లు సరైన చోటికి జరగాలి. ఒక్కో వెతుకులాటకు సుమారు 10 మిల్లీసెకన్లు. హార్డ్ డిస్కు బదులు చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు, అదే పని మిల్లీసెకనులో పదో వంతులో ముగుస్తుంది. కంప్యూటర్ ఆన్ కావడంలోనే ఆ తేడా తెలుస్తుంది.

ఉన్న ర్యామ్ సరిపోతుంటే, దాన్ని పెంచినా ఒకేసారి ఎక్కువ ట్యాబులు తెరవవచ్చు, అంతే. నా ఓటు ఎస్‌ఎస్‌డీకే. ఉన్నది 4 జీబీ ర్యామే అయితే మాత్రం రెండూ కావాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అక్కడ దాన్ని మార్చే వీలే లేదు.