అరవై లీటర్ల మూటతో అహోబిలం, నలభై లీటర్లతో వంజంగి

"ఏందమ్మా, ఇల్లు ఖాళీ చేసి వొచ్చినావా?"

ఎగువ అహోబిలం గుడి దగ్గర డోలీలు మోసే ఒక పెద్దాయన నా వీపు మీది బ్యాగు చూసి అడిగిన మాట ఇది. అప్పటికి నేనింకా జ్వాలా నరసింహస్వామి దారి పట్టనే లేదు. బస్సు దిగి గుడి దాకా నడిచానంతే, భుజాలు రెండూ మండుతున్నాయి.

హైదరాబాదులో ట్రెక్కింగ్ సామాను అద్దెకిచ్చే ఒక దుకాణంలో తెచ్చిన 60 లీటర్ల బ్యాగు అది. రోజుకు 150 రూపాయలు. ఒక్క రాత్రికి అంత పెద్దదెందుకక్కా అని తమ్ముడు అడిగితే, "చోటుంటే మంచిదేగా" అన్నాను. ఆ చోటే కొంప ముంచింది. సంచిలో ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు కదా. స్లీపింగ్ బ్యాగు, రెండో జత బూట్లు, స్వెట్టరు, పులిహోర డబ్బా, మూడు లీటర్ల నీళ్ళు, డజను అరటిపళ్ళు, ఎందుకైనా మంచిదని ఒక దుప్పటి. బయల్దేరే ముందు తూకం వేస్తే 13 కిలోలు. నా బరువు 54. వీపు మీద మోసేది మన ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదని కొండలెక్కేవాళ్ళు చెప్పే లెక్క నాకు తెలుసు. ఒక్కరోజేగా అనుకున్నాను.

అహోబిలం వెళ్ళని వాళ్ళ కోసం దారి చెప్తాను. హైదరాబాదు నుంచి కర్నూలు, నంద్యాల మీదుగా ఆళ్ళగడ్డ. రాత్రి ఆర్టీసీ బస్సెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. రైల్లో రావాలనుకుంటే నంద్యాలలో దిగి అక్కణ్ణుంచి బస్సు పట్టుకోవాలి. ఆళ్ళగడ్డ నుంచి దిగువ అహోబిలానికి బస్సులూ ఆటోలూ ఉంటాయి. అక్కణ్ణుంచి ఎగువ అహోబిలం ఇంకో ఎనిమిది కిలోమీటర్లు. బస చెయ్యాల్సింది దిగువనే. ఏపీ టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది, అహోబిల మఠం వసతి ఉంది, సత్రాలున్నాయి. మేం ఒక సత్రంలో దిగాం. పరుపు, దిండు, దుప్పటి అన్నీ వాళ్ళే ఇచ్చారు. పొద్దున వేణ్ణీళ్ళు మాత్రం రాలేదు, అడిగితే "సాయంత్రం వస్తాయి" అన్నారు, సాయంత్రమూ రాలేదు. అయినా ఆ డబ్బుకి ఆ గది తక్కువేమీ కాదు. నా బాధల్లా వేరు. హైదరాబాదు నుంచి మోసుకొచ్చిన స్లీపింగ్ బ్యాగునీ, దుప్పటినీ మంచం మీద పెట్టి చూసుకుంటే నా మీద నాకే జాలేసింది.

అక్కడే ఆ రెండూ వదిలేసి వెళ్ళి ఉంటే సరిపోయేది. "గది తాళం సరిగ్గా పడట్లేదు" అనే అనుమానంతో మొత్తం బ్యాగు వీపునేసుకుని బయల్దేరాను.

జ్వాలా నరసింహుడి దారి భవనాశిని ఏటి పక్కనే మొదలవుతుంది. కాసేపు బండలు, కాసేపు మెట్లు, మధ్యలో చిన్న వంతెనలు. చుట్టూ నల్లమల. ఖాళీ చేతులతో నడిస్తే ఎంతో హాయైన దారి. వీపున మూట ఉంటే ప్రతి బండ మీదా ఒక తమాషా జరుగుతుంది. మనం ముందుకు అడుగేస్తాం, బ్యాగు వెనక్కి లాగుతుంది, దాన్ని సరిచెయ్యడానికి నడుం ముందుకు వంచుతాం, చూపు నేల మీదికి పోతుంది. అంత అడవిలో నేను చూసింది నా బూట్ల ముందు మూడడుగుల నేల మాత్రమే.

డోలీ పెద్దాయన అప్పుడే ఖాళీ డోలీతో వస్తూ మా పక్కన ఆగాడు. నా బ్యాగు వైపు మళ్ళీ చూశాడు. నడుము పట్టీ రెండు కొనలూ పక్కన వేలాడుతున్నాయి. దాని క్లిప్పు అరిగిపోయి ఊరికే జారుతోందని నేను పెట్టుకోవడం మానేశాను. ఆయన తన భుజం తట్టి చూపించాడు. అక్కడ చర్మం నల్లగా, మందంగా కాయ కట్టి ఉంది. "మాకంటే తప్పదమ్మా, భుజాన్నే మొయ్యాల. నీకు నడుముపట్టీ ఇచ్చినారు గదా, దాన్నెందుకు ఏలాడదీసినావు?"

తమ్ముడు ఆ క్లిప్పు పట్టీని ముడేసి ఎలాగో బిగించాడు. ఆయన అంతటితో వదల్లేదు. బ్యాగు దింపించి, పైన పెట్టిన బూట్లు అడుక్కీ, అడుగున ఉన్న నీళ్ళ సీసాలు వీపుకి ఆనే వైపు మధ్యకీ మార్పించాడు. బరువైనది వీపుకి దగ్గరగా, మధ్యలో ఉండాలని ట్రెక్కింగ్ వీడియోల్లో నేనూ విన్నాను. విన్నదొకటి, చేసిందొకటి. మార్చాక వెనక్కి లాగడం సగానికి సగం తగ్గింది. కానీ నడుము పట్టీ నా నడుము మీద కూర్చోలేదు. తొడల మీదికి జారి, మెట్టెక్కినప్పుడల్లా అడ్డుపడింది.

ఆ మర్మం మధ్యాహ్నం తెలిసింది. మాలోల నరసింహుడి గుడి దగ్గర తమ్ముడు "ఇటివ్వక్కా" అని బ్యాగు తీసుకున్నాడు. వాడు ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ. అదే బ్యాగు, అదే బరువు. వాడి మీద నడుము పట్టీ తుంటి ఎముకల మీద చక్కగా కూర్చుంది. భుజాల పట్టీలు వీపుని అంటుకుని దిగాయి. "బానే ఉందిగా!" అని పాట పాడుకుంటూ నడిచాడు. అంటే బ్యాగులో లోపం ఆ క్లిప్పు ఒక్కటే. మిగతాదంతా నా వీపుకీ దాని వీపుకీ పొత్తు కుదరకపోవడం. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం.

ఆ సాయంత్రం ఎగువ అహోబిలం చేరాక కోతి పక్క జేబులోంచి మిగిలిన అరటిపళ్ళు లాక్కెళ్ళింది. వలతో చేసిన పక్క జేబు తెరిచిన డబ్బాతో సమానం. అక్కడ తినేవి ఏవైనా జిప్పు లోపలే ఉండాలి, చేతిలో కవరు అసలు ఉండకూడదు. నరసింహుడు చీల్చుకొచ్చాడని చెప్పే బండ, ఉగ్రస్తంభం, మేం ఎక్కలేదు. ఆ చీలిక దారిలో చేతులు కూడా వాడి ఎక్కాలి, ఆ మూటతో వెళ్తే నేను దిగేదాన్ని కాదు.

ఇంటికొచ్చిన వారానికే కొనడానికి బయల్దేరాను. ముందు ఇంట్లోనే వీపు కొలిచాను. తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక ఎముక పొడుచుకొస్తుంది. రెండు చేతులూ తుంటి ఎముకల పైన ఆనించి బొటనవేళ్ళు వెనక్కి చాపితే వాటి మధ్య ఒక గీత అనుకోవాలి. ఆ ఎముక నుంచి ఈ గీత దాకా కుట్టు టేపుతో మా వారు కొలిచారు. 41 సెంటీమీటర్లు. ట్రెక్కింగ్ బ్యాగుకి అసలు సైజు ఇదే. లీటర్లు చెప్పేది లోపల ఎంత పడుతుందో మాత్రమే. చెప్పుల కొట్లో పెట్టె ఎంత పెద్దదని అడిగి చెప్పులు కొంటామా? పొట్టిగా ఉన్నవాళ్ళందరి వీపూ పొట్టి కాదు, అదీ గుర్తుంచుకోండి. నా కంటే రెండంగుళాలు ఎత్తైన మా ఆడపడుచు వీపు నాదాని కంటే చిన్నది. ఆమె పొడుగంతా కాళ్ళలో ఉంది.

డెకాథ్లాన్‌లో మూడు రకాలు వేసుకు చూశాను. తూకానికి బరువులు వేరే అడక్కుండా పక్క వరసలోని డంబెల్స్ రెండు టవల్లో చుట్టి లోపల పెట్టాను. ఆరు కిలోలు. ఖాళీ బ్యాగు వేసుకుని అద్దం ముందు నిలబడితే ప్రపంచంలో ప్రతి బ్యాగూ బాగుంటుంది. బరువు పెట్టి పావుగంట నడవాలి, రెండు మూడుసార్లు వంగి లేవాలి, వాళ్ళ మెట్లు ఎక్కి దిగాలి. సెక్యూరిటీ అతను నన్ను కాస్త అనుమానంగానే చూశాడు.

మొదటిది 30 లీటర్లది. చవక, తేలిక. నడుము దగ్గర ఉన్నది మెత్త లేని సన్నటి నాడా మాత్రమే. బ్యాగు ఊగకుండా పట్టుకుంటుంది తప్ప బరువు మొయ్యదు. నాలుగైదు కిలోల దాకా పర్వాలేదు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చే వికారాబాద్ అనంతగిరి లాంటి చోట్లకి అంతకు మించి అక్కర్లేదు.

రెండోది 50 లీటర్లది. వీపు వెనక విల్లులా వంచిన రేకు చట్రం, దాని మీద బిగించిన వల. వీపుకి గాలి ఆడుతుంది, మన ఎండల్లో అది చిన్న సుఖం కాదు. కానీ ఆ వంపు వల్ల బరువు వీపుకి దూరంగా జరుగుతుంది, లోపల చోటు కూడా వంకరగా తయారవుతుంది. ఖాళీదే దాదాపు రెండు కిలోలు తూగింది. ఐదు రోజుల హిమాలయాల ప్రయాణానికైతే ఆలోచించేదాన్ని.

మూడోది 40 లీటర్లది, వీపు పొడవు మార్చుకునే రకం. భుజాల పట్టీల వెనక పెద్ద వెల్క్రో ఉంటుంది. దాన్ని ఊడదీసి పైకీ కిందికీ జరపొచ్చు. నడుము పట్టీ అరచేయంత వెడల్పు, లోపల గట్టి మెత్త. ఆ మెత్త ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదనుకుంటాం గానీ, బొటనవేలితో నొక్కితే వెంటనే అడుక్కి దిగిపోయే స్పంజి గంటలోపే అణిగిపోతుంది. వేసుకునే వరస కూడా ముఖ్యమే. అన్ని పట్టీలూ వదులు చెయ్యాలి. ముందు నడుము పట్టీ తుంటి ఎముకల మీద బిగించాలి. ఆ తర్వాతే భుజాలవి, అవీ ఆనీ ఆననట్టు. భుజం పైనుంచి బ్యాగు నెత్తికి పోయే చిన్న పట్టీలు ఉంటాయి, వాటిని కాస్త లాగితే బ్యాగు పైభాగం వీపుకి దగ్గరవుతుంది. ఛాతీ పట్టీ చివర్న, ఊపిరికి అడ్డం రాకుండా. ఇలా బిగించాక భుజాల కింద వేలు దూరింది. ఆరు కిలోలూ ఎక్కడికి పోయాయా అనిపించింది. నాలుగున్నర వేలు ఇచ్చి అదే కొన్నాను. రంగు నచ్చలేదు, బురద పచ్చ.

దాని మొదటి పరీక్ష వంజంగి కొండ. విశాఖ నుంచి పాడేరుకి ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు, అక్కణ్ణుంచి ఆటో. నవంబరు నుంచి జనవరి దాకా మేఘాల సముద్రం చూడ్డానికి జనం తెల్లవారుజామున మూడింటికే కొండెక్కడం మొదలెడతారు. పాడేరులో లాడ్జీలున్నాయి గానీ శని, ఆదివారాల్లో గది దొరకడం కష్టం. మేం కొండ కింద ఊరి కుర్రాళ్ళు అద్దెకిచ్చే టెంటులో ఉన్నాం. చాప ఇచ్చారు, పల్చటి రగ్గు ఇచ్చారు. ఆ చలికి అది ఏ మూలకీ చాలదు. ఇక్కడ మాత్రం స్లీపింగ్ బ్యాగు ప్రాణం కాపాడింది. అహోబిలంలో దండగ అనుకున్నదే వంజంగిలో లేకపోతే జరగదు. అందుకే ఇప్పుడు బ్యాగు సర్దే ముందు దిగబోయే చోటికి ఫోన్ చేసి మూడు అడుగుతాను. పరుపుందా, దుప్పటుందా, రాత్రి తిండి దొరుకుతుందా? ఆ జవాబుల్ని బట్టి మూడు కిలోలు తగ్గుతాయి, లేదా పెరుగుతాయి.

తిండికి అక్కడ కొదవ లేదు. బొంగులో చికెన్ వెదురు బొంగు చీల్చి ఆకులో పోసిచ్చారు. పైన చలిలో టీ, మ్యాగీ దొరికాయి. ధర కింద కంటే ఎక్కువే, కానీ ఆ గ్లాసుల్ని పైకి ఎవరో ఒకరు మోసుకొచ్చారని గుర్తొస్తే బేరమాడబుద్ధి కాలేదు.

ఈసారి మొత్తం ఏడు కిలోలు. చీకట్లో, నెత్తిన టార్చి పెట్టుకుని, మంచుకి తడిసిన ఎర్రమట్టి మీద ఎక్కాను. ఒకసారి జారాను. బ్యాగు నాతోపాటే కదిలింది, నన్ను లాగలేదు. ఒక్క తప్పు చేశాను. రెయిన్ కవరు ఉందిగా అని ధీమాగా ఉన్నాను. ఆ కవరు బ్యాగు బయటి వైపుని కప్పుతుంది గానీ వీపు వైపుని కప్పదు కదా. రాత్రి టెంటు గోడకి ఆనించి పెట్టిన ఆ వైపంతా మంచు దిగి పొడి బట్టలు చెమ్మగిల్లాయి. ఇప్పుడు లోపల పెద్ద నల్లటి చెత్త కవరు పరిచి, అన్నీ అందులోనే పెట్టి మూతి మెలి తిప్పుతున్నాను. పది రూపాయల పని.

మేఘాలు కనిపించాయా అంటే, కనిపించాయి. అరగంట. తర్వాత ఎండెక్కింది, ఫొటోల క్యూ పెరిగింది, దిగొచ్చేశాం.

అన్ని నడకలకీ ఈ బ్యాగు అక్కర్లేదు. పోయిన నెల అలిపిరి మెట్ల దారిన తిరుమల వెళ్ళాం. 3550 మెట్లు. కింద కౌంటరులో లగేజీ ఇస్తే టీటీడీ వాళ్ళే ఉచితంగా పైకి చేరుస్తారు. పైన రసీదు చూపించి తీసుకోవడమే. నీళ్ళు దారి పొడుగునా ఉంటాయి. ఫోను, చిల్లర, ఒక తువ్వాలు పట్టే గుడ్డ సంచి చాలు. అయినా గాలిగోపురం దాకా ఒక కుర్రాడు నా పాత అద్దె బ్యాగు లాంటిదే మోసుకుంటూ మా ముందు ఎక్కాడు, నడుము పట్టీ రెండు వైపులా వేలాడుతూ. చెప్పాలా వద్దా అని కాసేపు చూసి, మోకాళ్ళ పర్వతం ఇంకా ముందుందని గుర్తొచ్చి, "బాబూ, ఆ పట్టీ బిగించుకో" అన్నాను. "పర్లేదాంటీ" అన్నాడు.

బ్యాగు ఇప్పుడు మా ఆడపడుచు దగ్గరుంది. వెల్క్రో ఒక అంగుళం కిందికి దించుకోమని చెప్పి పంపాను.