హౌస్ డోర్న్: కైజర్ ప్రవాసపు ఇల్లు చూడబోయేవారికి

జర్మనీ చివరి చక్రవర్తి (జర్మన్‌లో కైజర్) రెండో విల్‌హెల్మ్ తన చివరి ఇరవయ్యొక్క ఏళ్లు గడిపిన ఇల్లు నెదర్లాండ్స్‌లో, యూట్రెక్ట్ దగ్గరి డోర్న్ అనే చిన్న ఊళ్లో ఉంది. చుట్టూ నీటి కందకం, తెల్లటి గోడలు, వెనక పెద్ద తోట. 1945లో డచ్ ప్రభుత్వం శత్రువు ఆస్తి కింద దాన్ని సామానుతో సహా స్వాధీనం చేసుకుని, 1956లో మ్యూజియంగా తెరిచింది. సింహాసనం పోగొట్టుకున్న రాజు ఎలా బతికాడో కళ్లకు కట్టే చోటు యూరప్‌లో ఇంతకన్నా మంచిది దొరకడం కష్టం. గదులు ఆయన పోయినప్పుడు ఎలా ఉన్నాయో దాదాపు అలాగే ఉంచారు. అయితే ఆయన ఎందుకు ఇక్కడికి రావాల్సి వచ్చిందో ఈ కుర్చీలూ బల్లలూ వాటంతట అవి చెప్పవు. అది తెలుసుకుని వెళ్లినవారికే ఇక్కడ అసలు ఫలం దక్కుతుంది.

ముందు కాస్త చరిత్ర. 1888లో తాత మొదటి విల్‌హెల్మ్ పోయాడు. తండ్రి మూడో ఫ్రెడరిక్ గొంతు క్యాన్సర్‌తో తొంభైతొమ్మిది రోజులే ఏలి కన్నుమూశాడు. జూన్ 15న ఇరవై తొమ్మిదేళ్ల విల్‌హెల్మ్ గద్దెనెక్కాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1890 మార్చిలో ఛాన్సలర్ బిస్మార్క్‌ను సాగనంపాడు. 1898, 1900 నౌకాదళ చట్టాలతో నౌకాదళ మంత్రి తిర్పిట్జ్ చెప్పినట్టు యుద్ధనౌకలు కట్టించి, తన అమ్మమ్మ విక్టోరియా రాణి దేశాన్నే ప్రత్యర్థిగా చేసుకున్నాడు. 1908లో ఒక లండన్ పత్రికలో అచ్చయిన మాటలతో ఇంగ్లండ్‌నూ సొంత పార్లమెంటునూ ఒకేసారి రెచ్చగొట్టాడు. 1914 జులై 5న ఆస్ట్రియాకు ఏం చేసినా వెనక ఉంటామని మాటిచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యాక, ముఖ్యంగా 1916 ఆగస్టు తర్వాత, పెత్తనం సేనానులు హిండెన్‌బర్గ్, లూడెన్‌డార్ఫ్‌ల చేతికి పోయింది. పేరుకు మాత్రం ఆయనే సర్వసేనాధిపతి.

పతనం గురించి తెలియాల్సింది ఆ చివరి వారం. కీల్ రేవులో నావికుల తిరుగుబాటు రేగి, నగరం తర్వాత నగరం చేజారింది. కైజర్ అప్పుడు బెల్జియంలోని స్పాలో, సైనిక ప్రధాన కార్యాలయంలో ఉన్నాడు. జర్మన్ చక్రవర్తి పదవి వదిలేసి జర్మనీలోని అతిపెద్ద రాజ్యం ప్రష్యాకు రాజుగా మాత్రం ఉండిపోవాలని చూశాడు. రాజ్యాంగం ప్రకారం ఆ రెండు కిరీటాలూ విడదీయరానివి. సైన్యం తన సేనానుల వెంట క్రమశిక్షణతో ఇంటికి వెళ్తుంది గానీ మీ వెంట రాదని జనరల్ గ్రోనర్ ముఖం మీదే చెప్పాడు. 1918 నవంబర్ 9న ఛాన్సలర్ మాక్స్ వాన్ బాడెన్ ఆయన జవాబు కోసం ఆగకుండా పదవీత్యాగం ప్రకటించేశాడు. మర్నాడు తెల్లవారుజామున కైజర్ ఐస్‌డెన్ దగ్గర డచ్ సరిహద్దు దాటి, అనుమతి కోసం అక్కడి రైల్వే స్టేషన్లో గంటల తరబడి కాచుకున్నాడు.

అందుకే డోర్న్‌కు వెళ్లేముందు, ఆయన మొదట తలదాచుకున్న ఆమెరోంగెన్ కోట చూడాలి. రెండింటి మధ్య పది కిలోమీటర్లు కూడా ఉండవు. కోట యజమాని కౌంట్ గోడార్డ్ బెంటింక్ మూడు రోజుల ఆతిథ్యమని ఒప్పుకుంటే, కైజర్ అక్కడ ఏడాదిన్నర ఉండిపోయాడు. పదవీత్యాగ పత్రం మీద సంతకం చేసిందీ అక్కడే, 1918 నవంబర్ 28న. అంటే బెర్లిన్‌లో ప్రకటన వెలువడిన పంతొమ్మిది రోజులకు. 1919 జనవరిలో అమెరికా మాజీ సెనేటర్ లూక్ లీ కొందరు సైనికులతో కైజర్‌ను ఎత్తుకుపోదామని ఈ కోటలోకే వచ్చి, ఉత్త చేతులతో వెనుదిరిగాడు. ఉత్త చేతులంటే పూర్తిగా నిజం కాదు, వాళ్లలో ఒకడు బూడిద పళ్లెం ఒకటి పట్టుకుపోయాడు. వర్సాయ్ ఒప్పందం 227వ అధికరణం కింద విచారణకు అప్పగించమని మిత్రరాజ్యాలు అడిగితే 1920లో డచ్ ప్రభుత్వం ససేమిరా అంది. డోర్న్ ఇల్లు ఈ నేపథ్యంలో కొన్నదే. ముందు డోర్న్ చూసి తర్వాత ఆమెరోంగెన్‌కు వెళ్తే కథ తలకిందులవుతుంది.

ప్రయాణం సులువే. యూట్రెక్ట్ నుంచి రైల్లో డ్రీబెర్గెన్-జైస్ట్ స్టేషన్ దాకా వెళ్లి, అక్కడినుంచి బస్సులో డోర్న్ చేరుకోవచ్చు. తూర్పుగా సాగే బస్సు మార్గంలోనే ఆమెరోంగెన్ కూడా వస్తుంది. తెరిచే రోజులు కాలాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి, రెండు చోట్ల వేళలూ కలిసే రోజును చూసుకున్నాకే బయల్దేరాలి. ఇంటి లోపల గైడ్ వెంట బృందంగా తిప్పడం ఇక్కడి అలవాటు. టికెట్ తీసుకునేటప్పుడే ఏ భాషలో చెబుతారో అడగాలి. డచ్ గానీ జర్మన్ గానీ రానివాళ్లు ఈ ఒక్క ప్రశ్న మర్చిపోతే సగం సందర్శన వృథా. పాత ఇల్లు, మెట్లు ఎక్కువ. నడవడం కష్టమైనవారు ముందే కనుక్కోవడం మేలు.

లోపలికి అడుగు పెట్టగానే ఎవరికైనా తట్టేది ఇరుకు. 1919 నుంచి మూడేళ్లలో బెర్లిన్, పోట్స్‌డామ్ రాజభవనాల నుంచి యాభైతొమ్మిది రైలు వ్యాగన్ల సామాను ఇక్కడికి చేరింది. వందల గదుల కోసం చేసిన చిత్రపటాలు, వెండి పాత్రలు, పింగాణీ, పట్టు తెరలు ఒక పల్లె భవంతిలో కిక్కిరిసి ఉన్నాయి. గైడ్ ఒక్కో వస్తువు గురించి చెబుతుంటే చూపు దాని మీదికే పోతుంది. ఒకసారి వెనక్కి తగ్గి గది మొత్తాన్ని చూడండి. సామానుకు ఇల్లు చాలలేదన్న సంగతి అప్పుడు తెలుస్తుంది. తిరిగి వెళ్తానన్న ఆశ వదలని మనిషి ఇల్లు ఇలాగే ఉంటుంది.

తప్పక ఆగి చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి భోజనాల బల్ల మీది ఫోర్కు. దాని ఒక అంచు కత్తిలా పదునుగా ఉంటుంది. పుట్టేటప్పుడు బిడ్డ ఎదురుకాళ్లతో రావడంతో భుజం నరాలు దెబ్బతిని, విల్‌హెల్మ్ ఎడమ చెయ్యి చచ్చుబడింది. పెద్దయ్యాక అది కుడిచేతికన్నా పదిహేను సెంటీమీటర్ల దాకా పొట్టి. రెండు చేతులతో కత్తి, ఫోర్కు పట్టలేని మనిషి నలుగురిలో కూర్చుని తినడానికి చేయించుకున్న పరికరం అది. ఇది చూశాక ఆయన చిత్రపటాలన్నీ కొత్తగా కనిపిస్తాయి. ఎడమ చెయ్యి ఎప్పుడూ కత్తిపిడి మీదో, చేతితొడుగులు పట్టుకునో ఉంటుంది. రెండోది రాతబల్ల ముందున్న గుర్రపు జీను. కుర్చీకి బదులు ఆయన దాని మీద కూర్చునే రాసేవాడు. పద్దెనిమిదో శతాబ్దపు ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ది గ్రేట్ వాడిన నశ్యం డబ్బీలు ఈ సేకరణలో ఎక్కువ విలువైనవి. పనితనం మీద ఆసక్తి ఉన్నవారు వాటి దగ్గర ఎంతసేపైనా ఉండిపోవచ్చు. యూనిఫాంలు బోలెడున్నాయి, వాటికి ఒక చూపు చాలు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఈ ఇంట్లో తిరుగుతుంటే ఆయన మీద జాలి పుడుతుంది. పొద్దున ప్రార్థన చదివి, తోటలో కట్టెలు కొట్టి, వాటి ముక్కల మీద సంతకం చేసి అతిథులకిచ్చే గడ్డం తాత కళ్ల ముందు మెదులుతాడు. పడగొట్టిన చెట్లు వేలల్లో ఉన్నాయి. ఆ తాతే 1919 డిసెంబరులో సేనాని మాకెన్‌సెన్‌కు రాసిన ఉత్తరంలో తన పతనానికి యూదులే కారణమని నిందించి, వాళ్లను తుడిచిపెట్టేదాకా జర్మన్లు ఊరుకోకూడదన్నాడు. 1931, 1932లలో నాజీ నాయకుడు గోరింగ్ ఇక్కడ అతిథి. నాజీలు తనకు కిరీటం తిరిగిస్తారని ఆశపడ్డాడు. 1940లో పారిస్ పడిపోగానే హిట్లర్‌కు అభినందన తంతి పంపాడు. 1940 మేలో జర్మన్ సేనలు డోర్న్ వైపు వస్తుంటే, చర్చిల్ ఇంగ్లండ్‌లో ఆశ్రయం ఇస్తానన్నా కదల్లేదు. జీనూ ఫోర్కూ ఎంత నిజమో ఆ ఉత్తరమూ అంతే నిజం. రెండూ కలిపి చూసినప్పుడే మనిషి పూర్తిగా కనిపిస్తాడు.

చాలామంది చేసే పొరపాటు ఇల్లు చూసి నేరుగా గేటు దారి పట్టడం. ఆవరణలోని పెవిలియన్లో మొదటి ప్రపంచయుద్ధ కాలపు నెదర్లాండ్స్ గురించి ప్రదర్శన ఉంది. తటస్థంగా ఉన్న దేశం కైజర్‌ను ఎందుకు రానిచ్చింది, ఎందుకు అప్పగించలేదు అన్న ప్రశ్నలతో వచ్చినవారికి అక్కడ ఎక్కువ పని. ఇంటికి గంట అనుకుంటే పెవిలియన్‌కూ తోటకూ కలిపి మరో రెండు గంటలు ఉంచుకోండి. గులాబీ తోట, ఆయన పెంపుడు కుక్కల సమాధులు కూడా తోటలోనే ఉన్నాయి.

సమాధి మందిరం చివర చూడాల్సింది. జర్మనీలో రాచరికం తిరిగి వచ్చేదాకా తన దేహాన్ని అక్కడికి తీసుకెళ్లొద్దని, అంత్యక్రియల్లో స్వస్తిక చిహ్నాలు ఉండొద్దని ఆయన కోరాడు. మొదటిది నెరవేరింది. రెండోదాన్ని పట్టించుకోలేదు, హిట్లర్ తరఫున ఆక్రమిత నెదర్లాండ్స్ పాలకుడు సైస్-ఇంక్వార్ట్ వచ్చి నిలబడ్డాడు. మొదటి భార్య ఆగస్టా విక్టోరియా 1921 ఏప్రిల్‌లో ఈ ఇంట్లోనే పోయింది. ఆమెను పోట్స్‌డామ్‌లో, సాన్‌సూసి తోటలోని పురాతన ఆలయంలో ఉంచారు. శవపేటిక వెంట జర్మనీలోకి అడుగుపెట్టే వీలు భర్తకు లేకపోయింది. 1922 నవంబరులో పెళ్లాడిన రెండో భార్య హెర్మీనెకూ 1947లో అక్కడే చోటు దొరికింది. డోర్న్‌లో ఆయన ఒక్కడే ఉన్నాడు. ఏటా జూన్ మొదట్లో, వర్ధంతి రోజుల్లో, జర్మన్ రాచరిక అభిమానులు పూలదండలతో ఇక్కడికి వస్తారు. ప్రశాంతంగా చూడాలనుకునేవారు ఆ వారాంతం కాకుండా మరో రోజు పెట్టుకోవడం మంచిది.