దేవరకొండ జిరాక్స్ సెంటర్లో ఐదేళ్ల లినక్స్ మింట్: సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, తీయడం ఎలా ఉందంటే

దేవరకొండలో మాది జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. మూడు కంప్యూటర్లున్నాయి. 2020 జనవరిలో విండోస్ 7కి అప్‌డేట్లు ఆగిపోయాయి. మా పాత మిషన్లలో ర్యామ్ 4 జీబీయే. విండోస్ 10 వేసి చూస్తే, పొద్దున ఆన్ చేసి చాయ్ తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. ఆ ఏడాది చివర్లో రెండింటిలో విండోస్‌కు బదులు లినక్స్ మింట్ 20 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేశాను, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. మూడోది విండోస్‌లోనే ఉంది, ఎందుకో తర్వాత చెప్తాను. ఐదేళ్లు రోజూ వాడాక రాస్తున్న మాటలివి, అదీ సాఫ్ట్‌వేర్ ఎక్కించే పద్ధతి గురించే. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే, ఒకసారి బాగా ఏడిపించిందీ అదే.

ముందు ఒక పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ కావాలంటే నెట్‌లో వెతికి, ఏది అసలు డౌన్‌లోడ్ బటనో పోల్చుకుని నొక్కేవాణ్ణి. దానితోపాటు అడగనివి రెండు దిగేవి, బ్రౌజర్ మొదటి పేజీ మారిపోయేది. మింట్‌లో అన్నీ ఒకే చోటు నుంచి వస్తాయి. డెబియన్ అనే లినక్స్ వాళ్లు 1999లో తెచ్చిన ఆప్ట్ అనే పద్ధతి ఇది. ఉబుంటు అనే ఇంకో లినక్స్ దాన్నే తీసుకుంది, మింట్‌కు ఆ ఉబుంటే పునాది. ప్యాకేజీల (అంటే ఎక్కించే సాఫ్ట్‌వేర్ మూటల) జాబితాకు డిజిటల్ సంతకం ఉంటుంది, అది సరిపోకపోతే ఆప్ట్ ఒప్పుకోదు. ఒకదానికి ఇంకొకటి అవసరమైతే దాన్నీ అదే తెచ్చుకుంటుంది. మా దగ్గరికొచ్చే అప్లికేషన్లలో ఫొటో 50 కేబీ లోపు, సర్టిఫికెట్ 200 కేబీ లోపు ఉండాలని అడుగుతుంటారు. వాటికోసం ఇమేజ్‌మ్యాజిక్, ఘోస్ట్‌స్క్రిప్ట్, పీడీఎఫ్ అరేంజర్ మూడింటినీ ఒకే లైన్ కొట్టి ఎక్కించాను. ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఒక్క యాడ్ కనబడలేదు.

నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఒక ఎండాకాలం సాయంత్రం. అప్‌డేట్ నడుస్తోంది, 60 శాతం దాటింది. గాలిదుమారం లేచి కరెంటు పోయింది. ఆ మిషన్‌కు యూపీఎస్ లేదు. "అన్నా, సిస్టం ఖరాబైనట్టేనా?" అన్నాడు మా షాపు పిల్లగాడు. నాకూ టెన్షన్‌గానే ఉంది, తెల్లారితే హాల్‌టికెట్ల కోసం పిల్లలు వస్తారు. కరెంటు వచ్చాక ఆన్ చేసి మళ్లీ అప్‌గ్రేడ్ కొడితే, పని సగంలో ఆగిందని, ముందు "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ" కొట్టమని తెర మీద అదే చెప్పింది. కొట్టాను. సగంలో ఆగినవి ఒక్కొక్కటే సర్దుకుంటూ పోయాయి. పది నిమిషాల్లో మిషన్ మామూలైంది.

ఇక ఏడిపించిన సంగతి. మింట్‌తో వచ్చిన లిబ్రే ఆఫీస్ (ఉత్తరాలు, లెక్కల పట్టికలు చేసే సాఫ్ట్‌వేర్) పాతదనిపించి, కొత్తది కావాలని పీపీఏ అనే బయటి జాబితా ఒకటి కలిపాను. రెండేళ్లు ఏ గొడవా లేదు. 2022లో మింట్ 21కి మారబోతే అప్‌గ్రేడ్ టూల్ ఆగిపోయి, ఫలానా ప్యాకేజీలు మనవి కావంటూ పొడుగాటి లిస్టు పెట్టింది. వాటిని మళ్లీ మింట్ వెర్షన్లకు దించేసరికి ఆదివారమంతా పోయింది. తప్పు ఆప్ట్‌ది కాదు, దాని లెక్కలోకి నేనే బయటివాటిని తెచ్చి కలిపాను. అప్పట్నుంచి కొత్త వెర్షన్ కావాలంటే, ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో సహా విడిగా ఎక్కించే ఫ్లాట్‌ప్యాక్ పద్ధతిలోనే తీసుకుంటున్నాను. అది సిస్టం జోలికి రాదు కానీ, చిన్న ప్రోగ్రామ్‌కి కూడా మొదటిసారి వందల ఎంబీలు దిగుతాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లు ఇది చూసుకోవాలి.

డేటా గురించి ఒక చిట్కా. "ఆప్ట్" అని కొడితే ఎక్కించాక, దించిన ప్యాకేజీ ఫైళ్లను (డెబ్ ఫైళ్లంటారు) అదే తుడిచేస్తుంది, "ఆప్ట్-గెట్" అని కొడితే వాటిని దాచిపెట్టే క్యాష్ ఫోల్డర్లో ఉంచుతుంది. నేను ఒక మిషన్ అప్‌డేట్ చేసి, ఆ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌తో రెండోదాని అదే ఫోల్డర్లో వేస్తాను. రెండోది జాబితా మాత్రం తెచ్చుకుంటుంది, సరుకు మళ్లీ దించదు. ప్రింటర్ డ్రైవర్‌ను మాత్రం "ఆప్ట్-మార్క్ హోల్డ్" పెట్టి ఆపి ఉంచాను. ఆ డ్రైవర్ మారినప్పుడల్లా మా లేజర్ ప్రింటర్‌కు ప్లగిన్ అనే తోడు ఫైలు మళ్లీ దించాల్సి వచ్చేది, గిరాకీ టైంలో అది కుదరదు. ఏదైనా తీసేసేటప్పుడు మాత్రం సరేనని వై నొక్కేముందు లిస్టు మొత్తం చదవండి. ఒకసారి చిన్నదేదో తీసేద్దామనుకుంటే దానితో పోయేవాటిలో మొత్తం డెస్క్‌టాప్ పేరే కనబడింది, వద్దని ఎన్ కొట్టి బయటపడ్డాను.

మూడో కంప్యూటర్ సంగతి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు మేం పేజీలు అమర్చే పేజ్‌మేకర్‌లో "అను" అనే తెలుగు ఫాంట్లతోనే చేస్తాం, అదంతా విండోస్ పనే. వేలిముద్రల మిషన్ డ్రైవర్ కూడా మాకు విండోస్‌కే ఇచ్చారు. మామూలు తెలుగు టైపింగ్‌కు మింట్‌లో లోటు లేదు, పోతన, వేమన ఫాంట్లు ఆప్ట్‌లోనే దొరుకుతాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి కూడా మామూలు అప్‌డేట్లు ఆగాయి కాబట్టి ఆ మిషన్‌లో ఇప్పుడు పత్రికల పని, వేలిముద్రల పని తప్ప ఇంకేదీ తెరవనివ్వడం లేదు. మింట్ మిషన్లు రెండూ 22కి మారాయి, వాటికి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. రెండోసారి మారేటప్పుడు బయటి ప్యాకేజీ ఒక్కటీ లేదు, పొద్దున మొదలుపెట్టిన పని మధ్యాహ్నం అన్నం వేళకు అయిపోయింది.