ఫ్లెక్స్ షాపులో ఎంట్రపీ

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర సందులో ఉందీ ఫ్లెక్స్ షాపు. ఊరందరికీ బోర్డులు వేసే ఈయన సొంత బోర్డు మాత్రం ఎండకు వెలిసిపోయింది, పేరు చదవలేం. ఇన్ఫర్మేషన్ థియరీ (సమాచారాన్ని కొలిచి, తప్పుల్లేకుండా పంపడం గురించిన శాస్త్రం) పరిశోధకులు, విద్యార్థులు దేశం నలుమూలల నుంచి బెంగళూరులో కలుస్తుంటే, నాకూ పోస్టర్ పెట్టే అవకాశం వచ్చింది. సైజు ఏ జీరో, అంటే 841 బై 1189 మిల్లీమీటర్లు. తెల్లారితే రైలు.

"మిల్లీమీటర్లు వద్దు మేడం, అడుగుల్లో చెప్పండి" అన్నాడాయన. మూడు బై నాలుగన్నాను. "పెండ్లా, పుట్టినరోజా? ఫొటో యాడ పెట్టల్ల?"

ఫొటో లేదు, పోలార్ కోడ్‌ల (సందేశం దారిలో చెడినా సరిచేసుకునే పద్ధతి) గ్రాఫులున్నాయి. అరికాన్ అనే శాస్త్రవేత్త 2009లో ప్రతిపాదించిన ఈ కోడ్‌లనే ఇప్పుడు 5జీ కంట్రోల్ ఛానళ్లలో (ఫోనుకూ నెట్‌వర్క్‌కూ మధ్య సూచనలు నడిచే దారుల్లో) వాడుతున్నారని చెప్పబోయాను. కరెంటు పోయేలోపు ఫైలివ్వమన్నాడు.

కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే సిగ్మాలన్నీ (కూడిక గుర్తులు) డబ్బాలైపోయాయి. అక్కడి కుర్రాడు విసుక్కోకుండా ఒక్కొక్కటీ మళ్ళీ కొట్టాడు గానీ, ఇన్ఫర్మేషన్ థియరీకి పునాది వేసిన షానన్ 1948లో ఇచ్చిన ఎంట్రపీ (అనిశ్చితికి కొలత) సూత్రంలో ముందున్న మైనస్ ఎగిరిపోయింది. ఆ సూత్రంలో ప్రతి సంభావ్యతనూ దాని లాగ్ (లాగరిథమ్)తో గుణించి కూడతారు. సంభావ్యత ఒకటికి మించదు కాబట్టి దాని లాగ్ సున్నాకు పైకి రాదు. ఆ మైనస్ లేకపోతే ఎంట్రపీ రుణాత్మకమై కూర్చుంటుంది. ప్రింటయ్యాక చూసుకున్నాను. "ఒక్క గీతకు ఇంత కథనా అక్కా!" అని నవ్వి, మళ్ళీ వేశాడు. రెండోసారికి డబ్బులు తీసుకోలేదు. మొత్తం 180 రూపాయలు. మీరు వెళ్తే పేజీని ఇంట్లోనే బొమ్మగా మార్చుకుని తీసుకెళ్ళండి, ఈ గోల ఉండదు.

ఒక్కటే నచ్చలేదు: మెరుపు. హాలు లైట్ల కింద గ్రాఫులు కనపడక, చూసేవాళ్ళు మెడలు వంచి పక్క నుంచి చదివారు. కాగితం మీద వేయించుకొచ్చిన వాళ్ళకు ఆ బాధ లేదు. కాకపోతే వాళ్ళు పొడుగాటి గొట్టాలు మోసుకుంటూ తిరిగారు, నేను దుప్పటిలా మడిచి బ్యాగులో పెట్టుకెళ్ళాను.

ఆ మడత సరిగ్గా క్యూఆర్ కోడ్ మీద పడి, రంగు కాస్త లేచిపోయింది. ఒక పెద్ద ప్రొఫెసర్ ఫోన్ పెట్టగానే నాకు టెన్షన్. టక్కున తెరుచుకుంది! తప్పులు దిద్దే రీడ్, సాలమన్‌ల 1960 నాటి కోడ్ క్యూఆర్‌లో ఉంటుంది. దిద్దుబాటుకు గరిష్ఠ స్థాయి పెట్టుకుంటే సుమారు 30 శాతం చెడినా తిరిగి పుట్టించుకుంటుంది. "నీ పోస్టర్‌లో బాగా పనిచేసింది ఇదేనమ్మా" అన్నారాయన. అది పొగడ్తో కాదో ఇప్పటికీ తేలలేదు.

ఐదుకు నాలుగు ఇస్తాను. గుడ్డలాంటి గట్టి సరుకు. ఇప్పుడు మా మిద్దె మీద చెనక్కాయల మూటలకు కప్పారు మా అమ్మ, మైనస్ గుర్తు రోడ్డు వైపుకే కనపడుతోంది.