లిథియంకి తోడు మందు: ఒలాంజపైనా, క్వెటియాపైనా, అరిపిప్రజోలా?

మా తమ్ముడికి బైపోలార్ జబ్బు. పోయిన మే నెలలో వాడికి మళ్ళీ మేనియా, అంటే హుషారూ దూకుడూ అదుపు తప్పిపోయే దశ, వచ్చింది. నాలుగు రాత్రులు కన్ను మూయలేదు. తెల్లవారుజామున మూడింటికి బెజవాడ వన్ టౌన్ అంతా బండి మీద తిరిగొచ్చేవాడు, బీసెంట్ రోడ్డులో అప్పు చేసి బట్టలు కొన్నాడు. ఈ జబ్బుకి వేసుకునే లిథియం మాత్ర మానలేదు, రక్తంలో దాని లెవెల్ కూడా సరిగ్గానే ఉంది. అయినా ఆగలేదు. "ఇదొక్కటే చాలదమ్మా, తోడుగా ఇంకోటి వేద్దాం" అన్నారు డాక్టరు గారు. లిథియం ఒక్కదానికంటే, దానికి పైన చెప్పిన మూడింటిలాంటి మందు తోడైతే ఎక్కువమందికి ఉధృతి త్వరగా తగ్గుతుందట.

మొదట ఒలాంజపైన్ రాశారు. రాత్రి వేస్తే వాడు నిద్రపోయాడు. మేనియాలో నిద్ర పట్టడమంటే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చినట్టే. కానీ ఆకలి విపరీతం. బరువు, షుగరు, కొవ్వు పెరగడంలో ఈ మూడింటిలో ఇదే ముందుంటుంది. మా నాన్నకి షుగరు ఉంది కాబట్టి నాకు అదే భయం.

క్వెటియాపైన్ కూడా నిద్ర పట్టిస్తుంది, బరువూ కొంత పెంచుతుంది. లేచి నిలబడితే బీపీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. మేనియా దిగాక దిగులు పట్టుకునేవాళ్ళకి ఆ దిగులు మీదా పనిచేయడం దీని బలం. మా వాడికి ఆ దిగులు తక్కువ.

అరిపిప్రజోల్‌తో బరువు, షుగరు బెడద తక్కువ, మత్తూ అంతగా ఉండదు. అయితే కొందరు ఒకచోట కూర్చోలేరు, కాళ్ళు ఆడిస్తూ తిరుగుతూనే ఉంటారు. అది చూసి మేనియా మళ్ళీ పెరిగిందని పొరబడి మోతాదు పెంచితే ఇంకా కష్టం. డాక్టరుకి "లోపల కంగారుగా ఉంది" అని విడిగా చెప్పాలి.

వాల్‌ప్రోయేట్ కూడా తోడు వేస్తారు. గుంటూరులో మా పిన్ని కూతురికి అది వద్దన్నారు. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళకి, కడుపులో బిడ్డకి హాని కాబట్టి, అది వీలైనంతవరకు ఇవ్వకూడదు.

నన్నడిగితే ఉధృతంగా ఉన్న మొదటి వారాల్లో ఒలాంజపైనే మేలు. నెలలు గడిచాక అదే మేలని అనను. "అక్కా, పొద్దున పదింటికి గానీ కళ్ళు తెరుచుకోవట్లేదు, షాపుకెలా వెళ్ళను?" అన్నాడు వాడు. ఆ మాట డాక్టరుకి చెప్పాం. నెమ్మదిగా ఒలాంజపైన్ తగ్గిస్తూ అరిపిప్రజోల్‌కి మార్చారు. మేమే మానేసి ఉంటే మేనియా తిరగబెట్టేది.

తోడు ఏదైనా, మన ఎండల్లో భయపడాల్సింది లిథియం గురించే. చెమటలు పట్టినా, విరేచనాలైనా, బీపీ అని ఒక్కసారిగా ఆవకాయ, ఉప్పు మానేసినా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా అంతే. చేతులు బాగా వణికి, వాంతులై, నడక తూలి, మాట ముద్దగా వస్తే ఆ పూట లిథియం వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లెవెల్ పరీక్షకి రక్తం చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. మా వాడు రాత్రి తొమ్మిదింటికి వేసుకుంటాడు, అందుకే ల్యాబ్‌కి పొద్దున తొమ్మిదింటికల్లా చేరిపోతాం.